“పుడమి శునకము మీఁద బొలయు నెండొకటే”: పిల్లల కథలో ఈ పాదం నిలుస్తుందా?

అందరికీ నమస్కారం. తిరుపతి నుంచి రాస్తున్నాను. చేతిలో ఒక పిల్లల కథ ఉంది. అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ కొడుకు, నేపాలీ పిల్లాడు, ఐదో తరగతి. పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే, మాట్లాడేది మన యాసే. అయినా క్లాసులో వాడిని పేరు పెట్టి పిలిచేవాడు లేడు, “రేయ్ చైనా” అంటే వాడే. చివర్లో టీచరు అన్నమయ్య ‘బ్రహ్మమొకటే’ పాడించి పిల్లల్ని కలుపుతుంది. ఈ చరణం అనుకున్నాను:

కడగి యేనుగు మీఁద గాయు యెండొకటే
పుడమి శునకము మీఁద బొలయు నెండొకటే

‘పొలయు’కు పిల్లలకు ఏం అర్థం చెప్పాలి? చరణం కథకు అతుకుతుందా?

జవాబు: పొలయు అంటే వ్యాపించు. ‘ఎండ పడుతుంది’ అంటే పిల్లలకు చాలు. ఏనుగుకు ‘కాయు’, కుక్కకు ‘పొలయు’ ఎందుకంటే యతి కోసం. కడగి-కాయు, పుడమి-పొలయు.

జవాబు: అర్థం సంగతి పైన చెప్పేశారు. నా పేచీ కథతోనే అన్నా. టీచరు ఈ చరణం చదవగానే క్లాసంతా ఎవరి వైపు తిరుగుతుంది? ఏనుగెవరు, కుక్కెవరు అని పిల్లలు మొహం మీదే అడిగేస్తారు. మర్నాటికి ‘చైనా’ పోయి ‘శునకం’ వస్తుంది, అంతే తేడా. ‘చండాలుడుండేటి సరిభూమి’ చరణమైతే ఇంకా బరువు, దాని జోలికి పోవద్దు.

ఇంకోటి. ‘జంతుకులమంతా ఒకటే’ అని పాట మొదట్లో అన్నా, ఈ చరణంలో ఏనుగూ కుక్కా ఒకటేనని అన్నమయ్య అనలేదు. రాజు రాజే, బంటు బంటే. ఒకటయ్యేది వాళ్ళ నిద్ర, కాళ్ళ కింది నేల, ఆకలి, ఎండ. 1503లో పోయిన మనిషి అంత జాగ్రత్తగా చెప్పిన మాటను మనం ‘మనమంతా ఒకటే’ అని ప్రసంగం చేసేస్తున్నాం. కథకు పనికొచ్చేది ఆ ఎండే. మన ఊళ్ళో ఏప్రిల్ ఎండ గురించి మీకు చెప్పాలా! ఆ పిల్లాడివీ, వాణ్ని ‘చైనా’ అన్నవాడివీ చెప్పులు ఎవడో దాచేశాడనుకోండి. బండల మీద “అబ్బా అబ్బా” అని ఎగురుకుంటూ కానుగ చెట్టు నీడకు పరుగెత్తుతారు. అక్కడ ఇద్దరూ అరికాళ్ళు చూసుకుంటారు. టీచరుతో పని లేదు. ఆవిడ ముందు హాజరు పట్టీలో ఆ పిల్లాడి పేరు సరిగ్గా పలికితే అదే పదివేలు.

జవాబు: మాది చిత్తూరు. “నన్ను క్షమించు మిత్రమా” అని మాత్రం రాయొద్దు సార్, చందమామ భాష అది. మన పిల్లలు “జట్టుంటావా?” అంటారు. మా పక్కింటి తమిళ పిల్లలైతే అలిగితే ‘కాయ్’, కలిస్తే ‘పళం’.

జవాబు (కథ రాస్తున్నవారు): ఎండ సీను బాగుంది, తీసుకుంటాను. పాటను మాత్రం వదల్లేను. వార్షికోత్సవం రిహార్సల్‌లో మైకులో దూరంగా వినబడుతుంటుంది, అదీ ‘ఆకలొకటే’ చరణం, మధ్యాహ్నం బెల్లు ముందు. ఇంతకీ ‘జట్టుంటావా’ అని ఎవరు అడగాలి?

జవాబు: ఇందులో సందేహమేముంది అన్నా, చైనా అన్నవాడే. అదీ పేరు పెట్టి పిలిచి అడగాలి. రెండోవాడు ఆ రోజే ‘ఊ’ కొట్టాలని రూలేం లేదు. “రేపు చెప్తా పో” అననివ్వండి.