హొకుసాయి కెరటం పజిల్: ఆకాశం దగ్గర ఆగిపోయాం

సఖినేటిపల్లి అమ్మాయి:
జపాన్ చిత్రకారుడు హొకుసాయి చెక్క అచ్చు బొమ్మ, ఆ పెద్ద కెరటం, వెయ్యి ముక్కల జిగ్‌సా. తమ్ముడు నాన్న కోసం తెచ్చాడండి. నలభై ఏళ్లు అంతర్వేది పల్లిపాలెం నుంచి వేటకెళ్లిన మనిషి, మోకాళ్లు పట్టేసి ఇంట్లో కూర్చున్నాడు. డబ్బా మీది బొమ్మ చూడగానే "పడవోళ్లు తెడ్ల మీదకి వాలిపోయారు చూడు, అలాగే ఉండాలి" అన్నాడు. మళ్లీ కాసేపు చూసి, "వలలేవే?" అన్నాడు.

తొమ్మిది సాయంత్రాల్లో కెరటం, మూడు పడవలు, ఫ్యూజీ కొండ అయిపోయాయి. మిగిలింది ఆకాశం. అన్నీ పాత కాగితం రంగే, ఏ ముక్క ఎక్కడిదో తెలియట్లేదు. పైగా ఈ ముసురుకి అట్ట ఉబ్బి ముక్కలు దిగట్లేదు. నాన్న విసుగెత్తి వదిలేస్తాడేమోనని నా బెంగ. ఏం చెయ్యమంటారు?

యానాం నుంచి:
అంతా ఒకే రంగు కాదండి. కొండ వెనక ముదురు బూడిదరంగు, పైకి పోయేకొద్దీ పలచబడుతుంది. పగలు కిటికీ దగ్గర కూర్చుని ముదురు నుంచి లేతకి వరసగా పేర్చుకోండి. ఎడమ పైమూల అక్షరాలున్న చోటు ముందు కట్టండి. ఉబ్బిన ముక్కల్ని ఎండలో పెట్టకండి, వంకర పోతాయి. రాత్రంతా ఫ్యాను కింద పరిచి, మూతున్న స్టీలు డబ్బాలో దాచండి.

నరసాపురం, పుట్టిల్లు పెడన:
మా కలంకారీ అచ్చులు టేకువి, జపాన్ వాళ్లవి చెర్రీ చెక్కవి. రంగుకో చెక్క. కాగితం పక్కకి జరక్కుండా చెక్క అంచునే గుర్తు చెక్కుకుంటారు. ఆ ఆకాశపు ఛాయ మాత్రం చెక్కింది కాదు. అచ్చు వేసేవాడు తడి చెక్క మీద రంగుని కుంచెతో పలచన చేసి, అప్పుడు కాగితం అద్దుతాడు. అద్దకాల మధ్య పెరిగినదాన్ని, ఆ చేతి పని తలుచుకుంటే నాకు ఒళ్లు పులకరిస్తుంది. 1831 ప్రాంతంలో వేసిన బొమ్మ, అప్పటికి హొకుసాయికి డెబ్బై ఏళ్లు.

నాన్నగారికి చెప్పండి, అవి వేట పడవలు కావు. పట్టిన చేపల్ని తాజాగా సంతకి చేరవేసే పడవలు.

సఖినేటిపల్లి అమ్మాయి:
ఇద్దరికీ దణ్ణాలండి. నిన్న కొండ వెనక మూడు వరసలు కుదిరాయి, అన్నీ నాన్నే పెట్టాడు. చేపల పడవల సంగతి చదివి వినిపించా. "అదీ! అందుకే అంతమంది తెడ్డోళ్లు" అన్నాడు.