మా లంక పోస్ట్‌మ్యాన్ రిటైరవుతున్నారు: ఆ ఉద్యోగం ఊరివాళ్లకే ఇవ్వాలా?

గోదారిగట్టు:
మాది కోనసీమలో పి.గన్నవరం వైపు, గోదారి పాయల మధ్య ఒక లంక. మా పోస్ట్‌మ్యాన్ గారికి వచ్చే నెల 65 నిండుతాయి. రికార్డుల్లో ఆయన గ్రామీణ డాక్ సేవక్, ఏబీపీఎం, అంటే అసిస్టెంట్ బ్రాంచ్ పోస్ట్‌మాస్టర్. ఊళ్లో అందరికీ పోస్టు మావయ్య. సన్మానానికి చందాలు పోగవుతున్నాయి. ఇక్కడ అడిగేది మాత్రం ఆ తర్వాతి సంగతి. ఈ ఉద్యోగాలు ఇప్పుడు ఆన్‌లైన్‌లో, పదో తరగతి మార్కులు చూసి ఇస్తున్నారు. పరీక్ష లేదు, ఇంటర్వ్యూ లేదు. శ్రీకాకుళం నుంచో కర్నూలు నుంచో ఎవరైనా రావచ్చు. ఊరివాళ్లకే ఇవ్వమని అమలాపురం పోస్టల్ డివిజన్‌కి అర్జీ పెడదామని మావాళ్లు అంటున్నారు. నేనూ ఆ పక్షమే.

మా దగ్గర ఇంటి నంబరు చూసి ఉత్తరం ఇవ్వడం కుదిరే పని కాదండీ. ఒకే ఇంటిపేరు, ఒకే తాతగారి పేరు పెట్టుకున్న సత్యనారాయణలు నలుగురున్నారు. మావయ్య కవరు తిప్పి ఎక్కణ్ణించి వచ్చిందో చూసి, ఇది కువైట్ సత్తిబాబుది, ఇది దింపు సత్తిబాబుది అని తేల్చేసేవారు. 2022 జూలై వరదకి భద్రాచలం దగ్గర నీటిమట్టం 71.3 అడుగులకు వెళ్లింది, ధవళేశ్వరం నుంచి 25 లక్షల క్యూసెక్కుల పైన వదిలారు. మా కాజ్‌వే ఎక్కడుందో కూడా కనబడలేదు. ఆయన సంచిని యూరియా గోతంలో చుట్టుకుని నాటు పడవ మీద వచ్చారు. సంచిలో ఉత్తరాలు తక్కువ, ముసలివాళ్ల బీపీ, షుగరు మాత్రలు ఎక్కువ. ఒక్కో స్ట్రిప్పు మీద ఎవరివో పెన్నుతో రాసి ఉంది. మందులు మోయమని ఏ రూలూ చెప్పదు. ఎవరికి ఏ మాత్ర అయిపోయి ఉంటుందో ఆయనకి తెలుసు, అంతే. మార్కులతో వచ్చినవాళ్లకి అది ఎలా తెలుస్తుంది?

పేట పంతులమ్మ:
మీ మావయ్య గారికి నమస్కారం. మీ అర్జీకి మాత్రం నేను వ్యతిరేకం.

మాది రాజోలు వైపు. మా పోస్ట్‌మ్యాన్ కూడా ఊరివాడే, అందరికీ కావలసినవాడే. నా పేరు మీద వచ్చిన రిజిస్టరు ఉత్తరాన్ని సెంటర్లో మా పెదనాన్న కనబడితే ఆయన చేతిలో పెట్టేశాడు. ఒకే కుటుంబం కదా అని. నాకు ఉద్యోగం రావడం ఇష్టం లేని పెదనాన్న ఆయన. ఆ కవరు నా చేతికి వచ్చేసరికి సర్టిఫికెట్లు చూపించాల్సిన తేదీ దాటిపోయింది. మమ్మల్ని ఎరిగినవాడు కాబట్టే ఇచ్చేశాడు. ఎరగనివాడైతే గుర్తింపు కార్డు చూసి, సంతకం నా చేతే పెట్టించుకునేవాడు.

ఇంకొకటి. ఊరివాడు అంటే ఏ వీధివాడు? మా పేట ఉత్తరాలన్నీ ఒకప్పుడు బడ్డీకొట్టు దగ్గర పడేసి పోయేవారని మా అమ్మ ఇప్పటికీ చెబుతుంది. ఊళ్లో ఆయన్ని దేవుడనేవారట. మా పేటలోకి మాత్రం ఆ దేవుడు ఎప్పుడూ అడుగుపెట్టలేదు.

మస్కట్ నుంచి:
అమ్మా, మీకు జరిగింది అన్యాయం. మాకు జరిగిందీ వినండి. నేను గల్ఫ్ వచ్చిన కొత్తలో ఇంట్లో ఫోన్ లేదు, మా అమ్మకి చదువు లేదు. పోస్ట్‌మ్యాన్ గారే అరుగు మీద కూర్చుని నా ఉత్తరం చదివి వినిపించేవారు, ఆవిడ చెప్పింది జవాబు రాసేవారు. ఆవిడ ఏడ్చిందని మాత్రం ఎప్పుడూ రాయలేదు. అప్పులోళ్లు ఇంటి మీదకి వచ్చిన సంగతి నేను సెలవుకి వెళ్లాకే తెలిసింది. ఆయన నోట్లోంచి ఊళ్లో ఎవరికీ ఆ మాట పొక్కలేదు. ఊరు కాని ఊరివాడి ముందు మా అమ్మ నోరు విప్పేది కాదు. నా ఓటు ఊరివాళ్లకే.

సైకిల్ సంచి:
నేను అలా మార్కులతో వచ్చినదాన్నే. మాది అనంతపురం జిల్లా, ఇప్పుడు కోనసీమలో ఏబీపీఎం. ఎంపికైనవాళ్లు ఆఫీసు పరిధిలోనే కాపురం ఉండాలి కాబట్టి నేనూ ఇక్కడే అద్దెకుంటున్నాను. నాలుగు గంటల డ్యూటీకి మూల జీతం 10,000తో మొదలు, దాని మీద డీఏ. పంటు మీద రేవు దాటే ఖర్చు, అద్దె పోతే మిగిలేది మీరే లెక్కేసుకోండి.

వచ్చిన కొత్తలో చాలా కష్టమైంది. నాకంటే ముందున్నాయన తలలో ఉన్నదంతా ఆయనతోనే వెళ్లిపోయింది. నా చేతికి వచ్చింది ఒక రిజిస్టరు, ఒక ఫోను, తాళంచెవి. ఏ సందులో ఎవరున్నారో అంగన్‌వాడీ ఆయమ్మ నా వెంట తిరిగి చెప్పింది.

ఇప్పుడు ఉత్తరాల కంటే డబ్బు పని ఎక్కువ. 2018 సెప్టెంబరులో పోస్ట్ పేమెంట్స్ బ్యాంకు మొదలయ్యాక ఆధార్ వేలిముద్రతో ఇంటి దగ్గరే డబ్బు తీసిస్తున్నాం. కొబ్బరికాయలు వలిచే వాళ్ల బొటనవేళ్లు అరిగిపోయి ఉంటాయి, మెషీన్ తీసుకోదు. నేను వాళ్ల చెయ్యి పట్టుకుని తడిగుడ్డతో తుడిచి, ఆరనిచ్చి, ఒక్కో వేలూ పెట్టించి చూస్తాను. ఒకావిడకి ఎడమ చేతి ఉంగరపు వేలు ఒక్కటే పనిచేస్తుంది. అది నాకిప్పుడు చూడకుండానే తెలుసు. ఎక్కడ పుట్టానని ఆవిడ ఏనాడూ అడగలేదు.

మీ ఊరికి ఎవరొచ్చినా సరే, మావయ్య గారు దిగిపోయే ముందే వాళ్లు ఆయన వెంట తిరిగేలా అడగండి. ఆ అవకాశం నాకు దొరకలేదు.

పాత గుమాస్తా:
అర్జీ నిలవదు బాబూ. గ్రామీణ డాక్ సేవకుల్ని అప్పట్లో ఎక్స్‌ట్రా డిపార్ట్‌మెంటల్ ఏజెంట్లనేవారు. వాళ్లది సివిల్ పోస్టేనని సుప్రీంకోర్టు 1977లో చెప్పింది. ప్రభుత్వ ఉద్యోగంలో పుట్టిన చోటు, నివాసం చూసి వివక్ష చూపకూడదని రాజ్యాంగం 16(2)లో ఉంది. నివాసం షరతు పెట్టాలంటే పార్లమెంటు చట్టం చేయాలి. సూపరింటెండెంటు గారు తలచుకున్నా మీ ఊరికి రాసివ్వలేరు.

నన్నడిగితే మీరు గొడవ పడాల్సిన సంగతి వేరే ఉంది. సివిల్ పోస్టు అన్నారు గానీ మిగతా కేంద్ర ఉద్యోగుల పెన్షన్ వీళ్లకి లేదు. గ్రాట్యుటీకీ లక్షన్నర దగ్గర గీత గీశారు. జీవితమంతా రేవులు దాటినవాడికి శాలువా కప్పి పంపిస్తారు. నాకు అది చూస్తే కడుపు మండుతుంది. ఆ చందాల డబ్బు ఆయన పేర డిపాజిట్ చేయండి, అర్జీలో పెన్షన్ మాట రాయండి.

పేట పంతులమ్మ:
మస్కట్ అన్నగారూ, మీ పోస్ట్‌మ్యాన్ గారి మంచితనాన్ని నేను కాదనను. అది ఆయన గుణం. ఆ గుణం మా ఊరివాడికి లేదు, అనంతపురం అమ్మాయికి ఉంది. పుట్టిన ఊరు చూసి అది చెప్పగలమా?

రిజిస్టరు ఉత్తరం ఎవరి పేరున వస్తే వాళ్లకే, లేదా వాళ్లు రాసిచ్చినవాళ్లకే ఇవ్వాలి. 2025లో రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేశారు. పేరున్నవాళ్లకే అందాలంటే పంపేవాళ్లు విడిగా రుసుము కట్టి రిజిస్ట్రేషన్ అడగాలి. ఓటీపీ చెబితేనే ఇచ్చే పద్ధతీ ఉంది. మా ఊరి ఆడపిల్లలకి పంపేవాళ్లందరికీ నేను ఈ రెండూ అడగమని చెబుతున్నాను. కొత్తగా వచ్చేవాళ్లు వీటిని తప్పకుండా పాటించాలని మీ అర్జీలో ఒక్క ముక్క రాస్తే నా సంతకం ఉంటుంది. "ఊరివాళ్లకే" అని ఉంటే ఉండదు.

గోదారిగట్టు:
గుమాస్తా గారూ, పెన్షన్ మాట మొదటి పేరాలోనే పెడుతున్నాం. చందాల డిపాజిట్‌కి మావాళ్లు ఒప్పుకున్నారు. కొత్తగా వచ్చేవాళ్లు మావయ్య వెంట తిరగాలన్నదీ రాస్తున్నాం. ఈ మాట చెబితే ఆయన, రిటైరయ్యాక అయినా సరే, నేనే అన్ని ఇళ్లూ తిప్పి చూపిస్తానన్నారు. పంతులమ్మ గారూ, పేరున్నవాళ్ల చేతికే ఇవ్వాలన్న ముక్కా చేరుతుంది.

"ఊరివాళ్లకే" అన్నది చట్టం ఒప్పుకోదు కాబట్టి తీసేస్తున్నాం. నా మనసు మాత్రం ఇంకా అటే ఉంది. వరద రోజుల్లో ఊళ్లో ఇల్లూ వాకిలీ ఉన్నవాడికి పడవ ఎక్కడానికి ఒక కారణం ఎక్కువ ఉంటుందనే నా నమ్మకం.

సైకిల్ సంచి:
పోయిన వరదకి నేనూ పడవ ఎక్కానండీ. అర్జీ ఎప్పుడు ఇస్తున్నారో చెప్పండి, మా వైపు ఏబీపీఎంల సంతకాలు నేను తెస్తాను.