మారిషస్‌కి తెలుగువాళ్ళు ఎలా వచ్చారు?

ప్రశ్న: మారిషస్‌లో ఉగాదికి ప్రభుత్వ సెలవు ఉందట, నిజమేనా? అంత దూరం మనోళ్ళు ఎందుకెళ్ళారు, అసలు ఆ దీవి కథ ఏంటి, తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

జవాబు 1: సెలవు నిజమే అండి. మొదట డచ్చివాళ్ళు 1598లో దిగి తమ ప్రిన్స్ మారిస్ పేరు పెట్టారు, డోడో పక్షి అంతరించింది వాళ్ళ టైంలోనే, తర్వాత ఫ్రెంచివాళ్ళు, 1810లో బ్రిటిష్‌వాళ్ళు. 1835లో బానిసత్వం రద్దయ్యాక చెరకు తోటలకి మనుషులు కావాలి కదా, అందుకే ఇండియా నుంచి ఒప్పందం మీద కూలీల్ని ఓడల్లో తీసుకెళ్ళారు. రాజధాని పోర్ట్ లూయిస్‌లో ఆ కూలీలు దిగిన రేవు, ఆప్రవాసీ ఘాట్ ఉంది, ఓడ దిగినవాళ్ళు ఎక్కిన ఆ రాతి మెట్లు ఇప్పటికీ ఉన్నాయి, తలుచుకుంటేనే గుండె బరువెక్కుతుంది.

జవాబు 2: మనోళ్ళని అక్కడ కోరంగీలు అనేవారు, కాకినాడ దగ్గర కోరంగి రేవు పేరు మీదే. మా తాతది ఆ పక్క ఊరే, అందుకే ఈ పేరు వింటే నాకు చాలా దగ్గరగా అనిపిస్తుంది.

జవాబు 3: దీవంతా అగ్నిపర్వతం లావాతో పుట్టిందే, అందుకే చెరకు చేలల్లో నల్లరాళ్ళ గుట్టలు కనిపిస్తాయి, పొలం చేయడానికి కూలీలు చేత్తో ఏరి పోసినవి చాలా ఉన్నాయి. స్వాతంత్ర్యం 1968 మార్చి 12న వచ్చింది.