ఉచిత సిటిజన్‌షిప్ శిబిరంలో ఫారం నింపి పంపేస్తే సేవేనా? లాయర్ చివరిదాకా నిలబడాలా?

సంఘం_కార్యకర్త: అమెరికాలో మనవాళ్ల సంఘాలు పెట్టే శిబిరాలకు ఇమ్మిగ్రేషన్ లాయర్లు వచ్చి ఎన్-400 (సిటిజన్‌షిప్ దరఖాస్తు ఫారం) నింపిపెట్టి వెళ్తుంటారు. ఈ దరఖాస్తుకు లాయర్‌ను నేనే అని తెలిపే జీ-28 ఫారం వెయ్యరు గనక తర్వాత వచ్చే నోటీసులన్నీ దరఖాస్తుదారు ఒక్కరికే. ఇది సేవ కిందకు వస్తుందంటారా?

దస్త్రం: ఎందుకు రాదండీ? గ్రీన్ కార్డ్ వచ్చి ఐదేళ్లు దాటి, పోలీసు కేసులు, పెద్ద ప్రయాణాలు లేనివాళ్లకు ఇంటర్వ్యూలో లాయర్ పక్కన కూర్చుని చేసేది పెద్దగా ఉండదు. ఫీజు దగ్గర దారి చూపిస్తే చాలు. 2024 ఏప్రిల్ 1న వచ్చిన ఫీజుల ప్రకారం ఆన్‌లైన్‌లో 710 డాలర్లు, కాగితం మీద 760. కుటుంబ ఆదాయం పేదరిక రేఖకు 400 శాతం మించకపోతే 380కే అవుతుంది. ఆ సంగతి తెలియక పూర్తిగా కట్టేస్తుంటారు.

ప్లీడరు_గుమాస్తా: కేసుల్లేవని ఇరవై నిమిషాల్లో తేల్చేదెవరు? డ్రైవింగ్ లైసెన్స్ ఆఫీసులో ఇచ్చిన కాగితంలో ఓటరు నమోదు గడి దగ్గర టిక్ పెట్టేసినవాళ్లు ఉంటారు. సిటిజన్‌నని తప్పుగా చెప్పినట్టు తేలితే సిటిజన్‌షిప్ రాకపోవడంతో ఆగదు, డిపోర్టేషన్‌కూ అదే ఆధారం అవుతుంది. వాలంటీర్ ఫారంలో ఉన్నది ఉన్నట్టు చదివితే అందరూ ‘లేదండీ’ అనేస్తారు. ‘ఇంటికి ఓటరు కార్డు గానీ జ్యూరీ పిలుపు గానీ వచ్చిందా?’ అని అడగాలి.

ఇంకోటి, ఇండియాలో ఏడెనిమిది నెలలు ఉండి వచ్చిన పెద్దవాళ్లు. ‘ఐదేళ్లలో మొత్తం 30 నెలలు ఇక్కడే ఉన్నాం కదా’ అంటారు. ఆ లెక్క వేరు. ఆర్నెల్లు దాటిన ఒక్క ప్రయాణంతో వరుస నివాసం తెగిందనే అధికారులు అనుకుంటారు. కాదని చూపించాల్సింది మనమే: టాక్స్ రిటర్నులు, ఇంటి లీజు, ఇక్కడే ఉన్న కుటుంబం.

దస్త్రం: ఒప్పుకుంటాను. కానీ అది శిబిరం తప్పు కాదు, గుమ్మం దగ్గర వడపోత లేకపోవడం. మొదటి బల్ల దగ్గర అనుభవమున్న లాయర్ ఉండాలి, కుర్రాళ్లను కూర్చోబెడతారు! అరెస్టు ఉందంటే, ‘కొట్టేశారు’ అన్నా సరే, కేసు ఎలా ముగిసిందో చెప్పే సర్టిఫైడ్ డిస్పోజిషన్ కోర్టు నుంచి వచ్చేదాకా ఫారం ముట్టుకోకూడదు.

నాలుగో_కుర్చీ: నా అభ్యంతరం వేరే. అక్కడి లాయర్ల సంఘం అమెరికన్ బార్ అసోసియేషన్ నమూనా నియమం 6.1 ఒక్కో లాయర్ నుంచి ఏడాదికి 50 గంటల ఉచిత సేవ ఆశిస్తుంది. ఇమ్మిగ్రేషన్ కోర్టులో ప్రభుత్వం లాయర్‌ను ఇవ్వదు. అసైలం (ఆశ్రయం) కేసు ఒక్కటి తీసుకుంటే ఆ గంటలు చాలవు. ఫొటోలు బాగా వచ్చే శిబిరాలకే లాయర్లు ఎక్కువగా వస్తారు.

ప్లీడరు_గుమాస్తా: ఫొటోల మాట అటుంచండి, భయం కూడా ఉంది. ఇమ్మిగ్రేషన్ కోర్టులో ఈ కేసు నాదేనని లాయర్ ఈఓఐఆర్-28 ఫారం వేశాక జడ్జి అనుమతి లేనిదే తప్పుకోవడం కుదరదు. అందుకే 2022 నవంబర్‌లో ఈఓఐఆర్-61 అనే ఫారం తెచ్చారు: కాగితాలకు సాయం చేస్తారు, కేసు నెత్తిన పడదు. అమెరికాలో దిగిన ఏడాదిలోగా ఐ-589 (అసైలం దరఖాస్తు) వేయించడానికి అది చాలు. అయితే వాయిదా నాడు లాయర్ రారని వాళ్ల భాషలోనే రాసివ్వాలి.

సంఘం_కార్యకర్త: మరి ఎన్-400 తిరస్కరిస్తే?

దస్త్రం: తిరస్కరణపై మళ్లీ విచారణ కోరే ఎన్-336కి 30 రోజులే గడువు. ఉత్తరం ఇంట్లో పడి ఉంటుంది, వీళ్లేమో శిబిరం ఎవరు పెట్టారో వెతుక్కుంటారు. కాబట్టి లాయర్ ఆఫీసు నంబరు ఫారం నకలు మీదే రాసివ్వండి. ఇల్లు మారితే 10 రోజుల్లో ఏఆర్-11 (చిరునామా మార్పు ఫారం) వేయమనీ చెప్పండి, లేకపోతే ఆ ఉత్తరం పాత ఇంటికే పోతుంది.