ఆయకట్టులో వెంచర్లు: పొలం అమ్ముకోవచ్చు, మరి అందులో పారే కాలువ?

కలుజు గట్టు:

నెల్లూరు నుంచి ముత్తుకూరు వెళ్ళే దారికి కొంత లోపలగా ఉన్న మా గ్రామంలో చెరువు కింది పొలాలు నాలుగైదేళ్ళుగా ఒక్కొక్కటే వెంచర్లుగా మారుతున్నాయి. ఇప్పుడు రెండో తూము కింద ఉన్న పదెకరాల చెక్కకు కూడా బేరం కుదిరిందనీ, కోత అయిపోగానే మెరక తోలడం (మట్టి పోసి ఎత్తు లేపడం) మొదలవుతుందనీ తెలిసి ఊరు రెండుగా చీలింది. ఆయకట్టులో ప్లాట్లు వేయనివ్వకూడదని కొందరు, తన పొలం తాను అమ్ముకునే రైతుకు అడ్డం పడడానికి మనమెవరమని కొందరు వాదిస్తున్నారు. సభ్యుల అభిప్రాయం తెలుసుకోవాలని ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

నా మాట ముందే చెబుతాను. పొలం అమ్ముకునే హక్కు రైతుది, దాన్ని నేను ప్రశ్నించను. కానీ ఆ పొలంలో నుంచి పారే పిల్ల కాలువ ఆయన ఒక్కడిది కాదు కనుక, పొలంతోపాటు దాన్ని కూడా అమ్మడం కుదరదు. రెండో తూము దగ్గర బయలుదేరే ఆ కాలువ రెండు మూరల వెడల్పు కూడా ఉండదు. అయినా ఆ పదెకరాలు దాటి, కింద ఉన్న నలభై ఎకరాలను తడిపి, మిగిలిన నీటిని మురుగు కాలువలో కలిపేది అదే. మొదటి తూము కింద వేసిన వెంచరులో ఇలాంటి కాలువనే అడుగు వెడల్పున్న సిమెంటు గొట్టాల్లోకి మళ్ళించి, పైన రోడ్డు వేశారు. మొదటి ఏడాది నీరు బాగానే పారింది. రెండో ఏటికి ఒండ్రు, ప్లాస్టిక్ సంచులు, ఎవరో పారేసిన సిమెంటు గోతాం కలిసి గొట్టం పూడిపోయింది. పూడిక తీయాలంటే రోడ్డు పగలగొట్టాలి, అందుకు ప్లాట్లు కొన్నవారు ఒప్పుకోరు. కార్తీక మాసపు వానలకు పై పొలాల్లో నారుమళ్ళు ఆరు రోజులు మునిగి కుళ్ళిపోయాయి. వాన వెలిసిన నెలకు కింది పొలాలు తడి లేక నెర్రెలు విచ్చాయి.

ఇక మెరక సంగతి. ఎకరమంటే 43,560 చదరపు అడుగులు. రోడ్డు మట్టానికి తేవడానికి మూడడుగులు లేపాలంటే లక్షా ముప్పై వేల ఘనపుటడుగుల గ్రావెల్ కావాలి. పది చక్రాల టిప్పరు ఆరు యూనిట్లు, అంటే ఆరు వందల ఘనపుటడుగులు తెస్తుందనుకున్నా ఎకరానికి 218 లోడ్లు, పదెకరాలకు రెండు వేల పైచిలుకు. ఖాళీగా తిరిగి వెళ్ళే బండిని కూడా లెక్కిస్తే, పన్నెండడుగుల మా ఊరి రోడ్డు మీద, బడి ముందు నుంచి, నాలుగు వేల మూడు వందల సార్లు టిప్పర్లు నడవాలి. తొక్కిస్తే గ్రావెల్ అణుగుతుంది కాబట్టి అసలు లెక్క ఇంకా ఎక్కువే ఉంటుంది. 2008లో కృష్ణపట్నం ఓడరేవు మొదలైనప్పటి నుంచీ, ఆ తర్వాత థర్మల్ కేంద్రాలు వచ్చినప్పటి నుంచీ ముత్తుకూరు రోడ్డు మోస్తున్న బరువుకు ఇది అదనం.

అమ్ముకున్న రైతు:

కలుజు గట్టు గారూ, మీరు చెప్పిన మొదటి తూము వెంచరులో రెండెకరాలు నావే. రెండో తూము కింది పదెకరాల్లో కూడా నాకు ఎకరంన్నర ఉంది, దానికి బయానా తీసుకున్నాను. కాబట్టి ఈ చర్చలో ముద్దాయిని నేనే అనుకొని జవాబు చెబుతున్నాను.

ఎకరానికి మూడు పుట్లు పండిన ఏడు కూడా నాకు మిగిలినదేమిటో రాస్తే ఎవరూ నమ్మరు. పుట్టి అంటే 850 కిలోలని లోకమంతా చెబుతుంది, కాటా దగ్గరికి వచ్చేసరికి తేమ పేరుతో, తాలు పేరుతో ఇంకో యాభై కిలోలు పైన పెట్టమంటారు. నాట్లకు మనుషులు దొరకరు, దొరికినప్పుడు నీరుండదు, రెండూ ఉన్న ఏడు కోత సమయానికి ధర ఉండదు. అదే ఎకరంలో అంకణానికి 72 చదరపు అడుగుల చొప్పున 605 అంకణాలున్నాయి. ఆ 605 అంకణాల లెక్క నేను వేయకపోయినా మా అబ్బాయి వేస్తాడు. ఆయకట్టు కాపాడాలని పట్నంలో ఉంటూ చెప్పేవారు, ఆ ఆయకట్టులో ఒక పంటకారు సేద్యం చేసి చూసి తర్వాత చెప్పాలని నా మనవి.

అయితే ఒక్క మాట ఒప్పుకుంటాను. కాలువను గొట్టంలో పెడతామని వెంచరు వారు నాతో ముందు చెప్పలేదు, నేనూ అడగలేదు. బయానా చేతికి వచ్చిన రోజున కాలువ గురించి అడగాలని ఎవరికి తోస్తుంది?

లేఅవుట్ ఇంజినీరు:

పదిహేనేళ్ళుగా ఈ వృత్తిలో ఉన్నవాడిగా చెబుతున్నాను. అందరినీ ఒకే గాట కట్టడం సరికాదు. నుడా (నెల్లూరు పట్టణాభివృద్ధి సంస్థ) అనుమతి తీసుకున్న లేఅవుటులో పది శాతం స్థలం ఖాళీగా వదలాలి, నిబంధన ప్రకారం రోడ్లు వేయాలి, మురుగు కాలువలు కట్టాలి. ఇవేవీ లేకుండా రాళ్ళు పాతి అమ్మేసి, తర్వాత క్రమబద్ధీకరణ పథకం వస్తుందిలే అని చేతులు దులుపుకొనేవారి వల్లే మాకందరికీ చెడ్డపేరు వస్తున్నది.

మరొక విషయం. వరద వచ్చిన ప్రతిసారీ నింద వెంచర్ల మీద వేయడం అలవాటైపోయింది. 2021 నవంబరులో పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయిందంటే, అది పెన్నకు వచ్చిన వరద వల్లే గాని లేఅవుటు వల్ల కాదు.

కలుజు గట్టు:

2021 గురించి మీరన్నది నిజం. అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి, సోమశిల గేట్లెత్తి, పెన్న పొంగిన వరద అది. దానికి మా ఊరి గొట్టాన్ని తప్పుపట్టడం అన్యాయమే. కానీ 2015 నవంబరు మాటేమిటి? అప్పుడు నెల్లూరును ముంచింది మన నెత్తిన కురిసిన వాన. నది వరదనూ, వాన నీటినీ వేరు చేసి చూడాలని నా అభిప్రాయం. నదికి గట్టు వేయడం ప్రభుత్వం పని, మన తాహతుకు మించినది. వాన నీరు ఎటు పోవాలన్నది మాత్రం రెండు మూరల కాలువ తేల్చే విషయం. పైగా మన జిల్లాకు ప్రధానమైన వాన నైరుతిలో కాదు, ఈశాన్య రుతుపవనాల్లో, అక్టోబరు నుంచి డిసెంబరు లోపు కురుస్తుంది. మెరక తోలే వేసవిలో చూస్తే ఏ కాలువైనా పనికిరాని గుంటలాగే కనిపిస్తుంది.

ముప్పై అంకణాల ఇల్లు:

నేను మొదటి తూము వెంచరులో స్థలం కొని, ఇల్లు కట్టుకొని మూడేళ్ళుగా ఉంటున్నాను. ఇంతవరకు రాసినవారిలో ఆ నీళ్ళలో రోజూ నడిచేది బహుశా నేనొక్కడినే.

ఇంజినీరు గారు మురుగు కాలువలు కట్టాలన్నారు. మాకూ కట్టారు. అవి మా ఆరు వీధులు దాటి, లేఅవుటు ప్రహరీ దాకా చక్కగా వెళ్ళి, అక్కడ ఆగిపోయాయి. అవతల ఉన్నది వేరే వారి పొలం గట్టు. మా స్నానాల నీరు, అంట్లు తోమిన నీరు, కొన్ని ఇళ్ళ సెప్టిక్ ట్యాంకుల నుంచి పొంగేది, అంతా ప్రహరీకి వేసిన కంతలో నుంచి ఆ పొలంలోకి దిగుతుంది. ఆ పొలం కౌలుకు చేసే పెద్దాయన మొన్న రబీలో ఆ కంతకు ఇసుక బస్తాలు అడ్డం వేశారు. మేము తీశాము. ఆయన మళ్ళీ వేశారు. ఆయన మోకాళ్ళ దాకా దిగి నాటు వేయించుకునే మడి అది. అందులో నల్లగా, నురగతో తేలే నీటిని చూశాక బస్తాలు తీయడానికి నాకు చేతులు రాలేదు. అలాగని వేసి ఉంచితే రెండో వీధిలో మా గుమ్మాల్లోకి నీళ్ళు వస్తాయి.

మాది అనుమతి ఉన్న లేఅవుటే. పటంలో కాలువ చివర ఒక బాణం గుర్తు ఉంది. ఆ బాణం అవతల ఏముందో అనుమతి ఇచ్చినవారూ చూడలేదు, అమ్మినవారూ చెప్పలేదు, కొన్న నేనూ చూసుకోలేదు.

విశ్రాంత సర్వేయరు:

బాణం మాట చదివాక రాయకుండా ఉండలేకపోయాను. అసలు చిక్కు అక్కడే ఉంది.

గ్రామంలో కాలువలు రెండు రకాలు. కొన్ని ప్రభుత్వ పోరంబోకులో ఉంటాయి, వాటికి సర్వే నంబరు, ఎఫ్‌.ఎం.బి. (పొలాల కొలతల పుస్తకం)లో హద్దు గీతలు, కొలతలు ఉంటాయి. తూము నుంచి పొలాలకు వెళ్ళే పిల్ల కాలువలు, బోదెలు చాలావరకు పట్టా భూమిలోనే, రైతుల మధ్య వాడుకగా ఏర్పడినవి. వాటికి విడిగా నంబరు లేదు, అడంగల్‌ (పొలం, పంట వివరాల రికార్డు)లో పేరు లేదు. భవన నిబంధనల ప్రకారం పది మీటర్ల కంటే వెడల్పైన కాలువ లేదా వాగు హద్దు నుంచి తొమ్మిది మీటర్లు, అంతకంటే చిన్నదైతే రెండు మీటర్లు వదిలి కట్టుకోవాలి. మంచి నిబంధనే. కానీ అది హద్దు నుంచి కొలవమంటుంది. పటంలో హద్దే లేని బోదెకు ఎక్కడి నుంచి కొలుస్తారు? అందుకే లేఅవుటు పటం గీసేవారికి ఆ కాలువ కనిపించదు, అనుమతి ఇచ్చేవారికి కనిపించదు, నవంబరులో మాత్రం అందరికీ కనిపిస్తుంది.

చెరువు గర్భాలను, కుంటలను కాపాడాలని సుప్రీంకోర్టు 2001లోనే చెప్పింది. ఆ తీర్పు పట్టుకొని చెరువును నిలబెట్టుకోవచ్చు గాని, పట్టా భూమిలోని బోదెకు అది సూటిగా అక్కరకు రాదు. బోదెకు ఆసరా 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం. మన జిల్లా అప్పటి మద్రాసు రాజధానిలో భాగం కాబట్టి ఆ చట్టం మొదటి నుంచీ మనకు వర్తిస్తుంది. ఒకరి భూమి మీదుగా నీరు పారించుకోవడం ఇరవై ఏళ్ళపాటు బహిరంగంగా, అంతరాయం లేకుండా, హక్కుగా సాగితే, భూమి చేతులు మారినా ఆ హక్కు పోదు. కింది నలభై ఎకరాలవారికి ఆ హక్కు ఉన్నట్టే. కానీ కోర్టుకు వెళ్ళి రుజువు చేసుకునేలోపు గ్రావెల్ పడిపోతుంది.

పూర్వం 2006 నాటి చట్టం కింద వ్యవసాయ భూమిని ఇతర అవసరాలకు మార్చాలంటే ఆర్డీవో అనుమతి కావలసి ఉండేది. అందులో ఎంత పరిశీలన జరిగేదో నాకు తెలియనిది కాదు. అయినా పొలం దగ్గరికి ఒక రెవెన్యూ ఉద్యోగి వెళ్ళి నిలబడే అవకాశమైనా ఉండేది. 2025లో ఆ చట్టమే రద్దయింది. కాబట్టి ఇక మిగిలినది సాగునీటి సంఘం. 1997 చట్టం కింద ఏర్పడిన ఈ సంఘాలకు 2024 డిసెంబరులో ఎన్నికలు జరిగాయి. మీ చెరువుకూ సంఘం ఉండే ఉంటుంది. రెండో తూము కాలువను తల నుంచి తోక దాకా కొలిపించి, పటం గీయించి, సంఘం తీర్మానంతో నుడాకు, జలవనరుల శాఖకు ముందే పంపండి. పటంలోకి ఎక్కిన కాలువను పూడ్చడం అంత తేలిక కాదు.

బడి దారి:

పెద్దలు కాలువ గురించే మాట్లాడుతున్నారు. మా పిల్లలు మూడో, అయిదో తరగతుల్లో ఉన్నారు. మొదటి వెంచరుకు మెరక తోలినప్పుడు ఉదయం ఎనిమిదిన్నరకు, సాయంత్రం నాలుగింటికి, సరిగ్గా బడి వేళకే టిప్పర్లు వరుస కట్టేవి. ఎదురుగా బండి వస్తే పిల్లలు సైకిళ్ళతో సహా కాలువ గట్టు మీదికి దిగవలసిందే. మధ్యాహ్నం వడ్డించిన అన్నం మీద ఎర్రటి దుమ్ము పేరుతుందని వంటమనిషి పళ్ళాల మీద చీర కొంగు పట్టేది. నిర్మాణ సామగ్రి తెచ్చే వాహనం మీద టార్పాలిన్ పట్టా కప్పాలి. మా ఊరికి వచ్చిన బండ్లలో పట్టాలు ఉండేవి, మడిచి కేబిన్ మీద పెట్టి ఉండేవి.

టిప్పరు యజమాని:

మాకు ట్రిప్పుకింత అని ఇస్తారు, గంటకింత అని కాదు. పట్టా కప్పి, కట్టి, విప్పితే రోజుకు ఒక ట్రిప్పు తగ్గుతుంది. పరిమితికి మించి ఎక్కిస్తే ఇరవై వేలు, టన్నుకు మరో రెండు వేల జరిమానా అని 2019 నుంచి చట్టంలో ఉంది. ఆ జరిమానా కట్టేది నేను, ఎక్కువ ఎక్కించమనేది ఇంకొకరు. బడి వేళల్లో బండ్లు ఆపమని వెంచరు వారి ఒప్పందంలోనే రాయిస్తే నేను సంతోషంగా ఆపుతాను. నా ఒక్కడి బండి ఆపితే మాత్రం నా వెనక బండి ముందుకు వస్తుంది, అంతకు మించి ఏమీ జరగదు.

అమ్ముకున్న రైతు:

సర్వేయరు గారు చెప్పినట్టు కాలువ, దాని ఇరువైపులా రెండేసి మీటర్లు వదిలితే ఎవరి జేబు నుంచి పోతుందో కూడా చెప్పాలి. పదెకరాల చెక్కలో కాలువ పొడవు రెండు వందల మీటర్లు ఉంటుంది. మొత్తం అయిదు మీటర్ల వెడల్పు వదిలితే వెయ్యి చదరపు మీటర్లు, అంటే దాదాపు నూటయాభై అంకణాలు. అది నా ఎకరంన్నరలో నుంచే ఎక్కువ పోతుంది, ఎందుకంటే కాలువ నా చెక్కలోనే వంపు తిరుగుతుంది.

లేఅవుట్ ఇంజినీరు:

ఆ లెక్క సరైనదే, అయితే నష్టం అంత ఉండదు. ఎలాగూ రోడ్లకు స్థలం వదలాలి. మధ్యలో నుంచి నిటారుగా గీసే రోడ్డును కాలువ పక్కగా, దాని వంపుతోనే గీస్తే, వదిలే స్థలంలో చాలా భాగం రోడ్డుకే ఉపయోగపడుతుంది. కాలువకు పైకప్పు వేయకుండా రాతి కట్టుబడి చేస్తే పూడిక పారతోనే తీయవచ్చు. నిజం చెప్పాలంటే, వంకర రోడ్డు ఉంటే ప్లాట్లు నలుచదరంగా రావు, కొనేవారు వాస్తు అడుగుతారు, అందుకని మేమే నిటారు గీత గీస్తాము. ఇళ్ళ మురుగును మాత్రం ఆ కాలువలో కలపకూడదు. దానికి వేరే దారి, శుద్ధి చేసే గుంట, రెండూ లేఅవుటు లోపలే చూపించాలి.

కలుజు గట్టు:

ఇంజినీరు గారు ఇంత నిక్కచ్చిగా రాస్తారని నేననుకోలేదు. ఆయకట్టులో వెంచర్లను మొత్తం ఆపాలని మా ఊరివారు రాసిన అర్జీ మీద నేను సంతకం చేయలేదు, ఇప్పుడూ చేయను. దానికి బదులు మూడు మాటలతో వేరే అర్జీ రాస్తున్నాను. రెండో తూము కాలువ కొలత పూర్తయ్యే వరకు గ్రావెల్ దిగకూడదు. కాలువ తెరిచే ఉండాలి, మురుగు అందులో కలవకూడదు. బడి వేళల్లో బండ్లు నడవకూడదని తోలకం ఒప్పందంలోనే ఉండాలి. వచ్చే బుధవారం సాగునీటి సంఘం సమావేశంలో దీన్ని పెడతాము. ముప్పై అంకణాల ఇల్లు వారు కూడా రావాలి. బస్తాలు వేసిన పెద్దాయనను నేను తీసుకొస్తాను.

అమ్ముకున్న రైతు:

నేనూ వస్తాను. పాత లస్కరు (తూము తీసి నీరు వదిలే ఉద్యోగి) చనిపోయాక ఆ కాలువ నా చెక్కలో ఎక్కడ వంపు తిరుగుతుందో, ఎక్కడ గండి పడితే తాటి మొద్దు వేసి పూడ్చామో చెప్పగలవారు నేనూ, మా చిన్నాయనా తప్ప మిగలలేదు. కొలత గొలుసు పట్టుకొని వస్తే నడిచి చూపిస్తాను. కొలత చూసి వెంచరు వారు బేరం తగ్గిస్తామంటే ఏం చేయాలో ఇంకా ఇంట్లో మాట్లాడుకోలేదు. బయానాలో సగం మా అమ్మాయి ఫీజుకు కట్టేశాను.