వాయురహిత ఉష్ణప్రియ బ్యాక్టీరియాపై పీహెచ్‌డీ: చేసినవారు చెప్పగలరా?

దేవరకొండ_విద్యార్థిని:
అందరికీ నమస్కారం. నల్లగొండలో బయోకెమిస్ట్రీ ఎమ్మెస్సీ చేశాను, జేఆర్‌ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) కూడా వచ్చింది. గాలి తగలకుండా, 60 డిగ్రీల వేడిలో పెరిగే బ్యాక్టీరియా ఎంజైములపై పని ఇస్తామని హైదరాబాదులో ఒక మేడంగారు అంటున్నారు. ఈ అంశం చేస్తే తర్వాత ఉద్యోగం దొరుకుతుందా, నమూనాల కోసం వేడినీటి బుగ్గల చుట్టూ తిరగాలా, ప్రయోగశాలలో సల్ఫైడు వాసన ఆరోగ్యానికి చేటు చేస్తుందా అని మా నాన్నగారు అడుగుతున్నారు.

పాలమూరు_మాస్టారు:
సందేహించకు తల్లీ, చేరిపో. ఎల్లోస్టోన్ వేడినీటి బుగ్గల్లో దొరికిన థెర్మస్ అక్వాటికస్‌ను బ్రాక్, ఫ్రీజ్ 1969లో లోకానికి పరిచయం చేశారు. దాని పాలిమరేజ్ (డీఎన్‌ఏకు నకళ్ళు తీసే ఎంజైము) వల్లే పీసీఆర్ ఇంటింటికీ తెలిసిన పరీక్ష అయింది. పీసీఆర్ కనిపెట్టిన శాస్త్రవేత్త కారీ ముల్లిస్‌కు 1993లో నోబెల్ వచ్చిన సంగతి మా డిగ్రీ పిల్లలకూ తెలుసు. ఇంతకన్నా మంచి అంశం ఏముంటుంది?

గులాబీ_సీసా:
మాస్టారుగారూ, అమ్మాయి అడిగింది ఒకటి, మీరు చెప్పింది మరొకటి. థెర్మస్ అక్వాటికస్‌కు ఆక్సిజన్ కావాలి. ఈ అమ్మాయికి రాబోయే కష్టం వేడితో కాదు, ఆక్సిజన్‌తో. మీడియం (బ్యాక్టీరియాను పెంచే పోషక ద్రవం) మరిగించి, నైట్రోజన్ పంపుతూ చల్లార్చి, మిగిలిన ఆక్సిజన్‌ను పోగొట్టే సిస్టీన్ వేసి, బ్యూటైల్ రబ్బరు బిరడా పెట్టి, అల్యూమినియం మూత బిగించిన తర్వాత అందులోని రెసజురిన్ (ఆక్సిజన్ ఉంటే గులాబీ రంగు చూపే సూచిక) రంగు పూర్తిగా పోవాలి. మర్నాడు ఇంక్యుబేటరు తలుపు తీసేసరికి ద్రవం పైఅంచున సన్నని గులాబీ చార కనిపించిందంటే, బిరడా సందులోంచి గాలి దూరిందన్నమాట. ఇక ఆ సీసాను పక్కన పెట్టేయడమే. నా పరిశోధన కాలంలో సగం ఆ చారకే అర్పణమైంది. పీసీఆర్ కథ చెప్పి పిల్లలను ఇందులోకి దించడం న్యాయం కాదు.

పాలమూరు_మాస్టారు:
థెర్మస్‌ను వదిలేద్దాం. 100 డిగ్రీల దగ్గర హాయిగా పెరిగే పైరోకాకస్ ఫ్యూరియోసస్ సంగతేమిటి? ఇటలీలోని వుల్కానో ద్వీపం నుంచి తెచ్చిన ఆ జీవిని ఫియాలా, స్టెట్టర్ 1986లో వర్ణించారు. అది వాయురహితమే కదా! దాని పాలిమరేజ్ డీఎన్‌ఏ నకలులో తాను చేర్చిన తప్పు అక్షరాన్ని తానే తొలగించగలదు. థెర్మస్ ఎంజైముకు ఆ గుణం లేదు. ఏళ్ళ తరబడి పాఠం చెప్పినవాడికి మీరు ఓనమాలు నేర్పనక్కర్లేదు.

గ్లవ్‌బాక్స్_గురు:
పైరోకాకస్ అసలు బ్యాక్టీరియానే కాదు, ఆర్కియా అనే వేరే వర్గపు ఏకకణ జీవి. ఆ వర్గాన్ని శాస్త్రవేత్త కార్ల్ వూజ్ 1977లోనే వేరుచేసి చూపారు. పైగా ఆ పాలిమరేజ్‌ను ఇప్పుడు ఈ.కోలై అనే మామూలు బ్యాక్టీరియాలో, మామూలు గాలిలోనే తయారుచేస్తున్నారు కాబట్టి వాయురహిత నైపుణ్యానికి అది ఉదాహరణ కాజాలదు. మా ప్రయోగశాలలో హైడ్రోజన్ కలిపిన నైట్రోజన్, పల్లాడియం ఉత్ప్రేరకంతో నడిచే గ్లవ్‌బాక్స్ (తొడుగుల్లో చేతులు పెట్టి పనిచేసే, గాలి చొరని పెట్టె) ఉంది. విదేశాల నుంచి వచ్చినవారు సైతం నా దగ్గరే పని నేర్చుకొని వెళ్ళారు. అటువంటి సదుపాయం లేని జిల్లా కళాశాలల వారు ఈ విషయంలో సలహాలు ఇవ్వకపోవడమే మంచిది.

గులాబీ_సీసా:
జిల్లా కళాశాల అంటే అంత చులకనా? గ్లవ్‌బాక్సులు రాకముందే రాబర్ట్ హంగేట్ అనే శాస్త్రవేత్త గాజు గొట్టాలతో ఈ శాస్త్రాన్ని నిలబెట్టారు. వేడిచేసిన రాగి మీదుగా నైట్రోజన్‌ను పంపితే అందులో మిగిలిన ఆక్సిజన్‌ను రాగి పట్టేసుకొని నల్లబడుతుంది. కాస్త హైడ్రోజన్ పంపితే మళ్ళీ ఎర్రబడుతుంది. కరిగిన అగర్‌లో కణాలను కలిపి, గొట్టాన్ని చల్లని నీళ్ళలో పొర్లిస్తే లోపలి గోడకు పలుచని పొర అంటుకొని, దానిలోనే కాలనీలు విడివిడిగా లేస్తాయి. సిలిండరు, గొట్టాలు, ఓపిక చాలు. మీ గ్లవ్‌బాక్స్ తొడుగుకు చిల్లు పడిన రోజు మాకు ఫోను చేయండి.

సూర్యాపేట_సుధ:
పెద్దలిద్దరూ కాస్త శాంతించండి. ఎండాకాలం కరెంటు పోతే మామూలు ఎంజైములు ఏమవుతాయో మన జిల్లాలవారికి తెలియనిది కాదు. ఈ ఎంజైములతో ఉన్న సుఖం అక్కడే. ఈ.కోలైలో తయారుచేయించి, కణసారాన్ని 70 డిగ్రీల నీళ్ళలో కాసేపు ఉంచితే ఈ.కోలై ప్రోటీన్లు చాలావరకు విరిగి తెల్లగా అడుగుకు దిగుతాయి, మనకు కావలసినది పైన తేటలో మిగులుతుంది. అయితే మూరెల్లా థెర్మోఅసిటికా అనే బ్యాక్టీరియాలోని ఫార్మేట్ డీహైడ్రోజనేజ్ (కార్బన్ డయాక్సైడ్‌ను ఫార్మేట్‌గా మార్చే ఎంజైము) వంటివి వేడిని ఓర్చుకుంటాయి కానీ గాలిని ఓర్చుకోవు.

ఆ జీవి బుగ్గల్లో దొరికింది కాదు. 1942లో గుర్రపు పేడ నుంచి వేరుచేశారు. ఒక గ్లూకోజ్ నుంచి మూడు అసిటేట్లు (వెనిగర్‌లోని ఆమ్లపు రూపం) ఎలా వస్తున్నాయన్న చిక్కుముడిని పట్టుకొని హార్లండ్ వుడ్, ఆయన శిష్యుడు లార్స్ యుంగ్డాల్ జీవితకాలం పనిచేశారు. రెండు అసిటేట్ల దారి తెలిసినదే. మూడోది కార్బన్ డయాక్సైడ్ నుంచి కట్టినది. ఆ ఫార్మేట్ డీహైడ్రోజనేజ్‌లో టంగ్‌స్టన్ ఉందని 1983లో యుంగ్డాల్ బృందం చూపింది. టంగ్‌స్టన్ గల ఎంజైముగా నిర్ధారణ అయినది అదే మొదటిది. ఒక్క బ్యాక్టీరియాతో ఒక మనిషి ఉద్యోగ జీవితమంతా గడిచిందంటే అందులో ఎంత సరుకుందో చూడండి.

మిర్యాలగూడ_మిల్లు:
పేడలోనే దొరుకుతాయంటే మా పెంటకుప్పలోనూ ఉంటాయన్నమాట! కోతలయ్యాక మావైపు గడ్డి తగలబెట్టడం చూడలేకపోతున్నాం. ఆ గడ్డిని ఆల్కహాలు చేసే బ్యాక్టీరియా ఉందంటారు, నిజమేనా?

సూర్యాపేట_సుధ:
ఉంది. పేరు క్లాస్ట్రిడియం థెర్మోసెల్లం, 60 డిగ్రీల దగ్గర బాగా పెరుగుతుంది, మాగుతున్న పెంటకుప్ప లోపలి వేడి దానికి సరిపోతుంది. అది సెల్యులోజును కోసే ఎంజైములను విడివిడిగా వదలకుండా, ఒకే పొడవైన ప్రోటీనుకు తగిలించి గడ్డికి అతుక్కుంటుంది. సెల్యులోసోమ్ అనే ఆ నిర్మాణాన్ని బేయర్, లామెడ్ 1983లో వర్ణించారు. కానీ గడ్డికి గట్టిదనమిచ్చే లిగ్నిన్ దానికి అరగదు, కాబట్టి ముందే గడ్డిని శుద్ధి చేయాలి. పైగా ఆల్కహాలుతో పాటు అసిటేట్ కూడా పుడుతుంది, ఆల్కహాలు ఎక్కువైతే అది తట్టుకోలేదు. మిల్లు పక్కన రేపే పెట్టేయవచ్చని ఎవరైనా చెబితే నమ్మకండి.

దేవరకొండ_విద్యార్థిని:
అందరికీ కృతజ్ఞతలు. సల్ఫైడు గురించి మాత్రం ఎవరూ చెప్పలేదు. మా నాన్నగారి అసలు భయం అదే.

గులాబీ_సీసా:
సిస్టీన్‌లాగే సోడియం సల్ఫైడునూ ఆక్సిజన్ పోగొట్టడానికే వేస్తారు. ఆ ద్రావణంలో ఆమ్లం పడితే హైడ్రోజన్ సల్ఫైడు వస్తుంది, అది విషవాయువు. గాఢత పెరిగితే ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు, కాబట్టి వాసన రాలేదని ధీమాగా ఉండకూడదు. విషవాయువులను బయటికి లాగే ఫ్యూమ్‌హుడ్ కిందే తూచాలి, పారబోసే సీసాలో ఆమ్లం ఉందేమో ముందు చూసుకోవాలి. చాలా పనులకు సిస్టీన్ ఒక్కటే సరిపోతుంది. చేరేముందు ఆ ప్రయోగశాలకు వెళ్ళి, ఫ్యూమ్‌హుడ్ గాలి లాగుతోందో లేదో ఒక కాగితం ముక్క పట్టుకొని చూడమ్మా. ఫెలోషిప్ సొమ్ము నెలనెలా అందుతోందా అని అక్కడి సీనియర్లను విడిగా అడుగు.