పెన్సిల్వేనియాలో ఎక్స్‌టన్ చుట్టుపక్కల ఎవరైనా ఇంట్లో రేడాన్ టెస్ట్ చేయించారా?

లక్ష్మి_ఎక్స్‌టన్:
అందరికీ నమస్తే. వచ్చే నెల మా అత్తయ్య, మామయ్య ఇండియా నుంచి వస్తున్నారు. బేస్‌మెంట్‌లో వాళ్లకి గది సిద్ధం చేస్తున్నాం. పక్కింటి వాళ్లకి రేడాన్ లీటరు గాలికి 2 పీకోక్యూరీల (రేడియోధార్మికతని కొలిచే ప్రమాణం) లోపే వచ్చిందట. రెండిళ్లూ కట్టింది ఒకే బిల్డర్. మాకూ అంతే ఉంటుందనుకోవచ్చా?

శ్రీను_బెర్క్స్:
అలా అనుకోవద్దండి. మా ఇంట్లో 11 దాటింది, ఎదురింట్లో 3 కూడా లేదు. నేలలోని యురేనియం క్షీణించే క్రమంలో పుట్టే వాయువు ఇది. బేస్‌మెంట్ నేల స్లాబ్ పగుళ్లు, సంప్ గుంట (అడుగున నీళ్లు చేరే గుంట), పైపుల చుట్టూ సందులు, ఎక్కడ దారి దొరికితే అక్కడి నుంచి లోపలికొస్తుంది. వాసన, రంగు ఉండవు. ఈ సంగతికి దేశమంతా ఉలిక్కిపడింది మన పక్కనే. 1984లో లిమెరిక్ అణువిద్యుత్ కేంద్రంలో స్టాన్లీ వాట్రస్ అనే ఇంజినీరు దగ్గర రేడియేషన్ అలారం మోగేది. కారణం వెతికితే ప్లాంటులో కాదు, బోయర్‌టౌన్ దగ్గర ఆయన ఇంట్లో దొరికింది. లీటరు గాలికి దాదాపు 2,700 పీకోక్యూరీలు! అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ఇపిఏ 4 దాటితే సరిచేయించుకోమంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించేది ఇంకా తక్కువ, మన లెక్కలో సుమారు 2.7.

వాణి_మాల్వర్న్:
లక్ష్మి గారూ, రేడాన్ కొలిచే బొగ్గు కిట్ హార్డ్‌వేర్ షాపులో దొరుకుతుంది. 12 గంటల ముందు నుంచే కిటికీలన్నీ మూసేయండి. డబ్బా మూత తీసి అత్తయ్య గారు పడుకునే గదిలోనే, మనిషి ఊపిరి పీల్చే ఎత్తులో, గోడకి కాస్త దూరంగా పెట్టండి. 2 నుంచి 4 రోజులు కదపకండి. తర్వాత మూసి, టైము రాసి అదే రోజు ల్యాబ్‌కి పోస్ట్ చేయాలి. రేడాన్ 3.8 రోజులకి సగమైపోతుంది కాబట్టి కవరు టేబుల్ మీద ఉండిపోతే లెక్క నమ్మలేం.

కిరణ్_డౌనింగ్‌టౌన్:
గ్రానైట్ కౌంటర్‌టాప్ వల్ల కూడా వస్తుందంటున్నారు, నిజమేనా?

వాణి_మాల్వర్న్:
కొద్దిగా రావచ్చు. అసలు సమస్య మాత్రం నేల నుంచే.

లక్ష్మి_ఎక్స్‌టన్:
హైదరాబాద్‌లో ఇలాంటివి ఎప్పుడూ వినలేదని మా ఆయన కొట్టిపారేస్తున్నారు.

శ్రీను_బెర్క్స్:
అక్కడ మనకి బేస్‌మెంట్‌లో పడకగదులు ఎక్కడివి? కిటికీలు తీసే ఉంచుతాం. ఇక్కడ చలికాలమంతా బిగించేస్తాం. పైగా వేడిగాలి పైకి పోతూ నేల కింది గాలిని లోపలికి లాగుతుంది. మీ మామయ్య గారికి సిగరెట్ అలవాటు ఉంటే అసలు ఉపేక్షించకండి, రెండూ కలిస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు చాలా పెరుగుతుంది. అమెరికాలో రేడాన్ వల్ల ఏటా సుమారు 21,000 మంది ఆ క్యాన్సర్‌తో చనిపోతున్నారని ఇపిఏ అంచనా.

ఎక్కువ వచ్చినా టెన్షన్ పడకండి. ఇంకోసారి టెస్ట్ చేసి ఖాయం చేసుకుని, రాష్ట్ర సర్టిఫికేషన్ ఉన్నవాళ్లనే పిలవండి. నేల స్లాబ్‌కి రంధ్రం చేసి పీవీసీ పైపు దింపుతారు. ఫ్యాన్ స్లాబ్ కింది గాలిని లాగి ఇంటి కప్పు పైన వదులుతుంది. మాకు 11 నుంచి 1కి దిగింది. పైపుకి ‘యు’ ఆకారంలో రంగునీళ్ల గొట్టం ఉంటుంది. రెండు వైపులా నీళ్లు సమానంగా కనిపిస్తే ఫ్యాన్ ఆగిపోయిందని అర్థం. బట్టలు ఉతకడానికి దిగినప్పుడల్లా మా ఆవిడ దాన్ని చూసి వస్తుంది.

లక్ష్మి_ఎక్స్‌టన్:
చాలా థాంక్సండి. కిట్ ఈ సాయంత్రమే తెస్తాను. రిజల్ట్ వచ్చేదాకా వాళ్లకి పైన పిల్లల గది ఇస్తాం.